కంప్యూటరు ఆగు విధము

దీపమును ఆర్పుటకు మీట నొక్కినచో చాలును. తీగలో ప్రవాహము తెగును, దీపము ఆరును. ఆరిపోవుటకు ముందు దీపము సర్దుకొనవలసిన పని యేదియు లేదు. కంప్యూటరు సంగతి వేరు. 'షట్ డౌన్' అను మాటను తాకిన పిమ్మట తెర నల్లబడుటకు కొన్ని సెకండ్లు, ఒక్కొక్కప్పుడు ఒక నిమిషమునకు పైగా పట్టును. ఆ వ్యవధిలో లోపల ఏమి జరుగుచున్నదో తెలియక, విసుగు పుట్టి, గోడలోని ప్లగ్గును లాగివేయు విద్యార్థులు ప్రతి పాఠశాలలోను ఉందురు. వారిని కోప్పడుట సులభము. ఎందుకు లాగరాదో విడమరచి చెప్పుట కొంచెము కష్టము. ఆ రెండవ పనికి ఈ వ్యాసము తోడ్పడవలెనని నా ఉద్దేశము.

కంప్యూటరు తెరపై మనము చూచు బొమ్మలకు, అక్షరములకు, ఆటలకు అన్నిటికిని అడుగున ఆపరేటింగ్ సిస్టమ్ అను కార్యక్రమముల సముదాయ మొకటి ఉండును. అందు మిక్కిలి లోపలి భాగమునకు కెర్నెల్ అని పేరు. ఆంగ్లమున ఈ మాటకు గింజలోని పప్పు అని అర్థము. మెమొరీని పంచిపెట్టుట, డిస్కుపై వ్రాయించుట, ఏ కార్యక్రమమునకు ఎంతసేపు ప్రాసెసరు నీయవలెనో నిర్ణయించుట, తెరకును, మీటల పలకకును పనులు చెప్పుట కెర్నెల్ వంతు. మిగిలిన కార్యక్రమము లేవియు యంత్రభాగములను స్వయముగా ముట్టరాదు. కెర్నెల్ ను అడిగి చేయించుకొనవలెను.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలలోని ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, వారి ఉపాధ్యాయులకును టాబ్లెట్లను పంచినది. అవి ఆండ్రాయిడ్ పై నడచును. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ కెర్నెల్. దీనిని 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించెను. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థ తెలుగు మాటలతో దిద్ది యిచ్చిన కంప్యూటరు వ్యవస్థకు ఆధారమును ఇదియే. 2017 నవంబరు నుండి ప్రపంచములోని మహావేగ కంప్యూటరుల పట్టికలోని 500 యంత్రములును లినక్స్ పైననే నడచుచున్నవి. అనగా అనుమసముద్రంపేటలోనో, ఉదయగిరిలోనో ఒక బాలుని చేతిలోని పలకను ఆపునదియు, ఆ మహాయంత్రములను ఆపునదియు ఒకే జాతి కెర్నెల్. అందుచేత ఇచ్చట ఎక్కువగా లినక్స్ నే ఉదాహరణముగా తీసికొందును. దాని లోపలి వ్రాత అందరును చదువుకొనుటకు వీలుగా బహిరంగముగా ఉండుట మరియొక సౌకర్యము.

ఉన్నపళముగా కరెంటు తీసివేసినచో నష్టమేమి? ఒక ఉపాధ్యాయుడు నలువది మంది మార్కులను టైపు చేసి 'సేవ్' అని నొక్కినాడనుకొందము. ఆ మార్కులు వెంటనే డిస్కుపైకి ఎక్కవలెనను నియమము లేదు. డిస్కు నెమ్మదియైనది, మెమొరీ వేగమైనది. ప్రతి చిన్న వ్రాతకును డిస్కును కదలించుచు కూర్చున్నచో యంత్రమంతయు మందగించును. కావున కెర్నెల్ ఆ వ్రాతలను కొంతసేపు మెమొరీలో ఉంచుకొని, కొన్ని పోగుపడిన పిమ్మట ఒక్కసారిగా డిస్కుకు పంపును. సామాన్యముగా లినక్స్ లో ఈ పని చేయు భాగము 5 సెకండ్ల కొకసారి మేల్కొనును. 30 సెకండ్లకు మించి నిలువయున్న వ్రాతలను తప్పక పంపివేయును. ఏ కార్యక్రమమైనను 'ఇది ముఖ్యమైనది, ఇప్పుడే వ్రాయుము' అని ప్రత్యేకముగా కోరవచ్చును. మంచి కార్యక్రమములు కోరును, అన్నియు కోరవు. మెమొరీలోని సంగతులు కరెంటు ఉన్నంతసేపే నిలుచును. అందుచేత 'సేవ్ అయినది' అని తెర చెప్పిన మార్కులు కూడ ఆ కొద్ది సెకండ్లలో కరెంటు పోయినచో పోవచ్చును.

అంతకంటె పెద్ద ప్రమాద మొకటి కలదు. డిస్కుపై ఏ ఫైలు ఎచ్చట ఉన్నదో తెలుపు పట్టికలు ఉండును. ఒక ఫైలు పెరిగినచో రెండు మూడు పట్టికలను దిద్దవలెను. ఒకటి దిద్ది, రెండవది దిద్దులోపుగా కరెంటు పోయినచో పట్టికలు ఒకదానితో నొకటి పొసగవు. దీనికి విరుగుడును మన అంగళ్ల లెక్కలు వ్రాయువారు ఎరుగుదురు. బేరము జరిగినప్పుడు ముందుగా చిట్టాలో వ్రాసి, తరువాత తీరికగా ఆవర్జాలోని ఖాతాలకు ఎక్కింతురు. ఆవర్జా వ్రాయుచుండగా దీపము ఆరిపోయినను భయము లేదు. మరునాడు చిట్టా చూచి సరిచేయవచ్చును. లినక్స్ లో 2001లో వచ్చిన 'ఎక్స్ట్3' మొదలగు డిస్కు వ్యవస్థలలో ఈ చిట్టా పద్ధతి వాడుకలో ఉన్నది. దీనివలన పట్టికలు చెడవు. అయితే చిట్టాలో సాధారణముగా పట్టికల మార్పులే వ్రాయబడును గాని ఫైలులోని విషయమంతయు వ్రాయబడదు. పుస్తకము చినుగదు గాని చివరి పుట ఖాళీగా మిగులవచ్చును. చిట్టా ఉన్నది గదా అని ప్లగ్గు లాగువారు ఈ భేదమును గమనింపవలెను.

ఇక ఆపుట యను పని ఎచ్చట మొదలగునో చూతము. మన మెట్టప్రాంతపు రైతులకు బోరు మోటారు స్టార్టరు సుపరిచితము. ఎర్రబొత్తాము నొక్కినప్పుడు ఆ బొత్తాము మోటారుకు పోవు పెద్ద ప్రవాహమును తానే తెంచదు. స్టార్టరులో ఒక తీగచుట్ట ఉండును. అది అయస్కాంతమై పెద్ద మీటలను పట్టియుంచును. బొత్తాము ఆ చుట్టకు పోవు చిన్న ప్రవాహమును మాత్రమే తెంచును. పట్టు వదలగానే పెద్ద మీటలు విడిపోవును. చిన్న ప్రవాహముతో పెద్ద ప్రవాహమును శాసించు ఈ యుక్తియే నేటి కంప్యూటరులోను ఉన్నది.

మొదట ఇట్లు లేదు. పాత వ్యక్తిగత కంప్యూటరులలో మీట నేరుగా ఇంటి కరెంటునే తెంచెడిది. కెర్నెల్ కు కరెంటుపై అధికారము లేదు. అందువలననే విండోస్ 95 తన పనులు ముగించుకొని, ఇప్పుడు కంప్యూటరును ఆపుటకు భయము లేదని తెరపై వ్రాసి కాచుకొనెడిది. మనిషి లేచి మీట నొక్కవలసివచ్చెడిది. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అను క్రొత్త కొలమానమును ప్రకటించినది. ఈ పద్ధతిలో కరెంటు పెట్టెనుండి మదర్ బోర్డుకు పోవు తీగలలో ఆకుపచ్చని తీగ యొకటి ఉండును. దానిని భూమి మట్టమునకు, అనగా సున్న వోల్టులకు, దించి ఉంచినంతసేపు పెట్టె పూర్తిగా పనిచేయును, వదలివేసినచో ఆగిపోవును. ఊదారంగు తీగ మరియొకటి 5 వోల్టులను ఎల్లప్పుడును ఇచ్చుచుండును. కంప్యూటరు ఆగియున్నప్పుడు కూడ ముందరి బొత్తామును కనిపెట్టి యుండు చిన్న భాగము ఈ 5 వోల్టుల మీదనే బ్రతుకును. 'ఆగినది' అని మన మనుకొను కంప్యూటరు నిజముగా పూర్తిగా ఆగలేదన్నమాట. పెట్టె విప్పి లోపల చేయి పెట్టదలచినవారు ప్లగ్గును తీసియే విప్పవలెను. అప్పుడది తీయదగిన ప్లగ్గు.

బోరు స్టార్టరునకును దీనికిని భేద మొకటి ముఖ్యమైనది. స్టార్టరు బొత్తాము ఆజ్ఞ; కంప్యూటరు బొత్తాము విన్నపము. బొత్తాము నొక్కగానే ఒక చిన్న గుర్తు నమోదై కెర్నెల్ కు కబురు పోవును. ఏమి చేయవలెనో నిర్ణయించునది ఆపరేటింగ్ సిస్టమ్. ఆపవచ్చును, నిద్రపుచ్చవచ్చును, 'నిజముగా ఆపవలెనా?' అని అడుగవచ్చును, ఊరకుండవచ్చును. ఈ ఏర్పాటు నంతను నిర్దేశించిన నిబంధనావళికి ఏసీపీఐ అని పేరు. దీనిని ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలసి 1996 డిసెంబరులో వెలువరించినవి. కెర్నెల్ బిగిసిపోయి విన్నపమును విననప్పుడు సంగతి యేమి? అందుకును ఏర్పాటున్నది. బొత్తామును నాలుగు సెకండ్లకు మించి నొక్కి పట్టినచో యంత్రములోని వేరొక భాగము కెర్నెల్ తో నిమిత్తము లేకుండ కరెంటు తెంచును. కావున నొక్కి పట్టుటకును ప్లగ్గు లాగుటకును ఫలితములో భేదము లేదు. బాలురు చాలమంది మొదటిది మర్యాదగా ఆపుట యనుకొందురు.

మర్యాదగా ఆపినప్పుడు ముందుగా పైనున్న కార్యక్రమములకు కబురు పోవును. 'ముగించుకొనుడు' అను సంకేతము ప్రతి దానికిని అందును. అవి తమ ఫైళ్లను మూసికొని వెడలిపోవలెను. వెడలనివానికి గడువు ముగియగానే, పెక్కు లినక్స్ వ్యవస్థలలో ఇది 90 సెకండ్లు, రెండవ సంకేతము వచ్చును. ఇది తిరస్కరింపరానిది, కెర్నెలే ఆ కార్యక్రమమును తొలగించును. ఒక్కొక్కప్పుడు ఆపుటకు నిమిషమున్నర పట్టుటకు కారణము సాధారణముగా ఇట్టి మొండి కార్యక్రమ మొకటి లోపల ఉండుటయే. పిమ్మట మెమొరీలోని వ్రాతలన్నియు డిస్కునకు పంపబడును. డిస్కు వ్యవస్థలు విడదీయబడును.

అప్పుడు చివరి అడుగుగా 'రీబూట్' అను పేరుగల పిలుపుతో కెర్నెల్ ను ఆగుమని కోరుదురు. పేరు మరల ప్రారంభించుట, ఆపుటకును అదియే. ఇంత ప్రమాదకరమైన పిలుపును ఏదో తప్పుడు కార్యక్రమము పొరపాటున పిలిచినచో? అందుకు తాళములవంటి రెండు సంఖ్యలను జోడించి పిలువవలెనని నియమము. మొదటి సంఖ్య 4276215469. దీనిని పదునారు అంకెల పద్ధతిలో వ్రాసినచో ఆ అక్షరములు ఆంగ్లమున 'ఫీల్ డెడ్', అనగా చచ్చినట్లున్నది, అని చదువుకొనుటకు వీలగును. రెండవది 672274793. విద్యార్థులు దీనిని 16తో వరుసగా భాగించి శేషములను క్రిందినుండి పైకి వ్రాయుదురుగాక. 28121969 అని వచ్చును. ఇది 28వ తేదీ, 12వ నెల, 1969వ సంవత్సరము. టోర్వాల్డ్స్ పుట్టిన దినము. ఈ రెండవ తాళమునకు బదులుగా చెల్లు సంఖ్యలు మరి మూడు కలవు. అవి ఆయన ముగ్గురు కుమార్తెల పుట్టినదినములు. వానిలో ఒకటి 369367448. మిగిలినది మీ గణితోపాధ్యాయుని తరగతికి విడిచెదను.

తాళములు సరిపోయి, అడిగినవారికి అధికారమున్నచో కెర్నెల్ తన పని మొదలిడును. యంత్రము నారంభించునపుడు భాగములను ఏ వరుసలో గుర్తించెనో, దానికి సరిగా ఎదురు వరుసలో వానిని ఆపుచు వచ్చును. అనుమసముద్రంపేట దర్గా ఉరుసునకు వేసిన పందిళ్లను విప్పుట చూచినవారికి ఇది సులభముగా బోధపడును. వేయునపుడు ముందు గుంజలు, పైన వాసములు, ఆపైన కప్పు. విప్పునపుడు ముందు కప్పు, తరువాత వాసములు, చివర గుంజలు. గుంజలు ముందు లాగినచో కప్పు నెత్తిన పడును. డిస్కు ఒక నియంత్రకమునకు తగిలియుండును. నియంత్రకము ఒక మార్గమునకు తగిలియుండును. మార్గమును ముందు మూసినచో డిస్కునకు 'ఆగుము' అని చెప్పుటకు దారియే ఉండదు.

ప్రతి భాగమునకును దాని కార్యక్రమము తగిన మాట చెప్పును. తిరుగు పళ్లెముల డిస్కునకు రెండు ఆజ్ఞలు పోవును: నీ లోపలి తాత్కాలిక మెమొరీలో మిగిలినది పళ్లెములపై వ్రాయుము, పిమ్మట తిరుగుట మానుము. వ్రాయు తలలు పళ్లెములపైనుండి తప్పుకొని తమ స్థానమునకు చేరును. కరెంటు హఠాత్తుగా పోయినను తలలు చేరును గాని అది తొందరపాటు చేరిక. డిస్కు దానిని వేరుగా లెక్కించుకొనును. తిరుగు భాగములు లేని నూతన నిలువ పరికరములలో ఎన్వీఎంఈ జాతివానికి కెర్నెల్ 'ఆగుము' అని ఒక గుర్తు వ్రాసి, 'ముగిసినది' అను బదులు గుర్తు కనబడువరకు కాచుకొనును. ఈ పరికరములలో ఏ సమాచారము ఏ గడిలో ఉన్నదో తెలుపు పటము నిరంతరము మారుచుండును. దానిని భద్రముగా దాచుకొనుటకే ఆ గడువు.

ఎటులను కరెంటు పోవుచున్నది గదా, తెరను, నెట్ వర్క్ కార్డును గూడ ఇంత శ్రద్ధగా ఆపుట దేనికని అడుగవచ్చును. సమంజసమైన ప్రశ్నయే. కరెంటు పోవునప్పుడు అవి ఎట్లాగినను అంత నష్టము లేదు. కాని ఇదే దారిని కెర్నెల్ మరల ప్రారంభించుటకును వాడుకొనును. ఒక కెర్నెల్ కరెంటు తీయకుండగనే మరియొక కెర్నెల్ కు అధికారము అప్పగించుటయు కలదు. నెట్ వర్క్ కార్డు ప్రాసెసరుతో నిమిత్తము లేకుండ వచ్చిన సమాచారమును నేరుగా మెమొరీలో వ్రాయగలదు. దానిని ఆపక విడిచినచో క్రొత్త కెర్నెల్ మెమొరీపై పాత సమాచారము వచ్చి పడును. ఇట్టి చెరుపును కనిపెట్టుట మహాకష్టము.

భాగములన్నియు సద్దుమణిగిన పిమ్మట అనేక ప్రాసెసరులున్న యంత్రములో కెర్నెల్ ఒక్క ప్రాసెసరుపైకి, సాధారణముగా మొదటిదానిపైకి, చేరుకొనును. తెరపై ఒక చివరి పంక్తి వ్రాయును. ఆపైన ఏసీపీఐ నియమము ప్రకారము ఒక చిన్న పెట్టెవంటి రిజిస్టరులో ఒక సంఖ్యను వ్రాయును. అందలి మూడు గడులు 'ఎట్టి నిద్ర' అని తెలుపును. 13వ సంఖ్య గల గడిలో 1 వ్రాయగానే ఆజ్ఞ అమలగును. ఆకుపచ్చని తీగ విడువబడును, కరెంటు పెట్టె ఆగును. 'పూర్తిగా ఆగుట'కు ఆ మూడు గడులలో ఏ విలువ వ్రాయవలెనో కెర్నెల్ కు స్వతహాగా తెలియదు; యంత్రమును చేసినవారు దానిలో దాచియుంచిన పట్టిక చూచి తెలిసికొనును. పట్టిక తప్పుగా వ్రాయబడినచో చివరి పంక్తి తెరపై నిలిచియుండగా లోపలి విసనకఱ్ఱ తిరుగుచునే యుండును.

టాబ్లెట్లలో ఏసీపీఐ సామాన్యముగా ఉండదు. అచ్చట కరెంటును పంచుటకు ప్రత్యేకమైన చిప్పు ఒకటి ఉండును. కెర్నెల్ తానుగా ఆ చిప్పునకు చెప్పుటయో, తనకంటె అడుగున నున్న ఫర్మ్ వేరును వేడుకొనుటయో జరుగును. ఏ బోర్డునకు ఏ దారియో ఒక్కొక్క తయారీదారునకు ఒక్కొక్క విధము. చాలకాలము లినక్స్ లో దీనికి ఒకే యొక చోటు ఉండెడిది. చివరగా వచ్చినవాడు అచ్చట తన దారి వ్రాసిపోవును, ముందటివాని దారి చెరిగిపోవును. 2022లో వెలువడిన 5.19వ రూపములో ప్రాధాన్య క్రమముతో పెక్కు దారులను నమోదు చేసికొను పద్ధతి ప్రవేశపెట్టబడినది. ఒక దారి పారకున్నచో తరువాతిదానిని ప్రయత్నించును. ఇంత మౌలికమైన పనికి ఇంత ఆలస్యముగా చక్కని ఏర్పాటు జరుగుట నాకు వింతగా తోచును.

ఇదంతయు కెర్నెల్ కు వ్యవధి యున్నప్పటి మాట. గాలివానకు తీగ తెగి కరెంటు పోయినప్పుడు వ్యవధి ఎంత? ఏటీఎక్స్ పెట్టెలోని కెపాసిటరులు పూర్తి బరువుపై సుమారు 16 మిల్లీసెకండ్లు నిలుపగలవు. మన కరెంటు సెకండునకు 50 ఆవృత్తములు గలది. ఒక్క ఆవృత్తమునకు 20 మిల్లీసెకండ్లు. అనగా ఒక్క ఆవృత్తమంత కాలమైనను లేదు. అందులో సక్రమముగా ఆగుట కల్ల. అందువలననే యూపీఎస్ బ్యాటరీ అవసరము. యూపీఎస్ ఉన్నచో చాలునని చాలమంది తలంతురు. బ్యాటరీ ఖాళీయైనప్పుడు కూడ కంప్యూటరు హఠాత్తుగానే ఆగునని మరతురు. యూపీఎస్ ను యూఎస్బీ తీగతో కంప్యూటరునకు కలిపి, తగిన కార్యక్రమము నుంచినచో, బ్యాటరీ అడుగంటుచున్నదను కబురు అందగానే కంప్యూటరు తనంతట తాను మర్యాదగా ఆగిపోవును. పెక్కు పాఠశాలలలో యూపీఎస్ ఉన్నది, ఆ తీగ మాత్రము అట్టపెట్టెలో ఉన్నది.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు సంగతి మరియొకటి. స్టార్టరులోని చుట్ట కరెంటు పోగానే పట్టు విడుచును గనుక, కరెంటు వచ్చినను మోటారు తనంతట తిరుగదు. అర్ధరాత్రి కరెంటు వచ్చునేమోయని రైతులు ఆటోస్టార్టరు బిగించుకొందురు. కంప్యూటరులోను ఈ రెండు నడతలలో దేనినైనను ఏర్పాట్ల పుటలో ఎంచుకొనవచ్చును. పిల్లలు వాడు గదికి మొదటిదియే మేలు. కరెంటు వచ్చుచు పోవుచున్నప్పుడు కంప్యూటరు లేచుచు పడుచు ఉండుట మంచిది కాదు.

విండోస్ వాడువారు ఒక సంగతి తెలియవలెను. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి 'షట్ డౌన్' అన్నప్పుడు సామాన్యముగా కెర్నెల్ పూర్తిగా ముగియదు. తన అప్పటి స్థితిని డిస్కుపై వ్రాసి పండుకొనును. మరునాడు ఆ వ్రాత చదివి త్వరగా లేచును. 'రీస్టార్ట్' అన్నప్పుడే నిజముగా క్రొత్తగా మొదలగును. కంప్యూటరు తిక్కగా నున్నదని రాత్రి ఆపి ఉదయము తెరచినను తిక్క పోకుండుటకు ఇది యొక కారణము.

పూర్తిగా ఆపుటయే కాదు, నడచుచుండగనే ఒక్కొక్క భాగమును ఆర్పుటయు కెర్నెల్ పనియే. 2009లో లినక్స్ 2.6.32లో ఇందుకు ఉమ్మడి ఏర్పాటు వచ్చినది. ప్రతి భాగమునకును ఒక లెక్క ఉండును: నన్నిప్పుడు ఎందరు వాడుచున్నారు? వాడువాడు వచ్చినప్పుడు ఒకటి కలియును, వెళ్లినప్పుడు ఒకటి తగ్గును. సున్నయైన కొంతసేపటికి ఆ భాగమునకు కరెంటు తగ్గింపబడును. పిల్ల భాగము మేలుకొనియున్నంతవరకు తల్లి భాగము నిద్రింపరాదు. టాబ్లెటు కెమెరాను మూసినను దానికి కరెంటు అందుచున్నదన్న, ఎవడో కార్యక్రమకర్త ఒకటి కలిపి, ఒకటి తీయుట మరచినాడని ఊహింపవచ్చును.

పాఠశాలలో చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదను. ఎన్వీఎంఈ నిలువ పరికరములు తమ జీవితములో ఎన్నిసార్లు కరెంటు పొందినవో, అందు ఎన్నిసార్లు 'ఆగుము' అను మాట వినకుండగనే కరెంటు కోలుపోయినవో తామే లెక్క వ్రాసికొనును. లినక్స్ లో స్మార్ట్ మోన్ టూల్స్ అను ఉచిత కార్యక్రమముతో ఆ రెండు సంఖ్యలను చదువవచ్చును. తిరుగు డిస్కులలో ఇందుకు దగ్గరది తలల తొందరపాటు చేరికల లెక్క. దాని సంఖ్య 192. నెల మొదట ప్రతి కంప్యూటరు ప్రక్కను ఈ సంఖ్యలను వ్రాసియుంచి, నెలాఖరున మరల చదివి తీసివేతలు చేయవలెను. వచ్చిన సంఖ్యను ఆ నెలలో కరెంటు పోయిన పర్యాయములతో పోల్చినచో, మిగిలిన తేడా గాలివానది కాదు.